తల జిడ్డు, ఉన్ని జిడ్డు: ఎలా వదిలించాలి, ఎంత ఉంచాలి

అప్పుడే కత్తిరించిన ఉన్నిలోంచి ఒక పాయ తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి. కొనవైపు దుమ్ము, మట్టి పట్టి గరుకుగా ఉంటుంది. మొదలువైపు వచ్చేకొద్దీ వేలు జారడం మొదలవుతుంది. అక్కడ వెంట్రుకలు లేత పసుపు రంగులో మెరుస్తూ ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. కాసేపు గుప్పిట్లో పట్టుకుంటే ఒంటి వేడికి ఆ పసుపు మెత్తబడి అరచేతి గీతల్లోకి దిగుతుంది. చల్లని నీళ్లతో చెయ్యి కడుక్కున్నా అది పోదు. నీటి బొట్లు అరచేతి మీద ముత్యాల్లా నిలబడతాయి. ఇప్పుడు తలస్నానం చేసి మూడు రోజులైన మీ మాడు మీద వేలు రాయండి. అక్కడా జిడ్డే తగులుతుంది. కానీ అది గోరువెచ్చని నీళ్లకు, కాస్త షాంపూకు లొంగిపోతుంది.

ఈ రెండూ ఒకే రకం గ్రంథిలో పుట్టినవే. మనిషికైనా గొర్రెకైనా వెంట్రుక కుదురును ఆనుకుని ఉండే తైలగ్రంథే ఈ జిడ్డును తయారుచేస్తుంది. అయినా మనిషిది చాలావరకు నూనె, గొర్రెది పూర్తిగా మైనం. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే తలను వేడినీళ్లతో రుద్ది ఎండబెట్టుకుంటాం, ఉన్నిని గోరువెచ్చని నీళ్లలో ముంచి బంకగా మిగుల్చుకుంటాం. నేను రెండు తప్పులూ చేశాను. ఉన్ని కడిగి వడకడం నేర్చుకున్నాక నా తలను నేను చూసుకునే తీరు కూడా మారింది. అందుకే రెండింటినీ కలిపి చెబుతున్నాను.

ముందుగా: వదిలించబోయేది ఏమిటో తెలుసుకోండి

తైలగ్రంథి పనితీరు మిగతా గ్రంథులకన్నా విచిత్రంగా ఉంటుంది. అందులోని కణాలు కొవ్వును నింపుకుంటూ ఉబ్బి, చివరికి పగిలిపోతాయి. ఆ పగిలిన కణాల సారమే జిడ్డుగా కుదురులోంచి పైకి వస్తుంది. మనిషి జిడ్డును సెబమ్ అంటారు. ముఖం మీద, మాడు మీద ఈ గ్రంథులు దట్టంగా ఉంటాయి. అరచేతుల్లో, అరికాళ్లలో అసలు ఉండవు.

సెబమ్‌లో సగానికి పైగా ట్రైగ్లిజరైడ్లు, వాటినుంచి విడిపోయిన కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. మనం వాడే మామూలు నూనెల్లో ఉండేవి కూడా ట్రైగ్లిజరైడ్లే. ఇంకో పాతిక శాతం మైనపు ఎస్టర్లు, అంటే కొవ్వు ఆమ్లం, ఆల్కహాల్ జతకూడి ఏర్పడే పదార్థాలు. సుమారు 12 శాతం స్క్వాలీన్ అనే పలుచని నూనె. కొవ్వు ఆమ్లాల్లో సేపియెనిక్ ఆమ్లం అనేది మనిషి సెబమ్‌కే ప్రత్యేకం. హోమో సేపియన్స్ అన్న మన జాతి పేరే దానికి పెట్టారు.

గొర్రె జిడ్డులో ట్రైగ్లిజరైడ్లు దాదాపు ఉండవు. అందులో ప్రధానంగా ఉండేవి కొలెస్టరాల్, లానోస్టెరాల్ వంటి స్టెరాల్స్‌తో (కొలెస్టరాల్ కుటుంబపు పదార్థాలతో) పొడవాటి కొవ్వు ఆమ్లాలు కలిసి ఏర్పడిన ఎస్టర్లు. శుద్ధి చేశాక దీన్నే లానోలిన్ అంటారు. లాటిన్‌లో ఉన్నిని, నూనెను సూచించే మాటలు కలిపి పెట్టిన పేరది. పేరులో నూనె ఉన్నా రసాయనపరంగా అది మైనమే. 38 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. సబ్బుకు, క్షారానికి తేలిగ్గా విరగదు.

నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఒకటి ఇక్కడ ఉంది. జంతువుల శరీరం కొలెస్టరాల్‌ను తయారుచేసే దారిలో స్క్వాలీన్ ఒక మజిలీ. దాని తరువాతి మజిలీ లానోస్టెరాల్, ఆ తరువాత చాలా మెట్లు దాటితే కొలెస్టరాల్. మన తైలగ్రంథి చాలావరకు స్క్వాలీన్ దగ్గరే ఆగిపోయి దాన్నే బయటికి పంపుతుంది. గొర్రె గ్రంథి ఆ దారిలో ముందుకు నడిచి స్టెరాల్స్‌ను చేరుకుంటుంది. మన జిడ్డు కారుతూ ఉండటానికీ, గొర్రె జిడ్డు గడ్డకట్టి ఉన్నికి కవచం కావడానికీ ఉన్న కారణాల్లో ఇదొకటి. స్క్వాలీన్ గాలి తగిలితే తొందరగా ఆక్సీకరణ చెందుతుంది. రోజుల తరబడి కడగని తల నుంచి, దిండు గలీబు నుంచి వచ్చే మురిగిన నూనె వాసనకు అదీ ఒక కారణం.

ఉన్నిలో మైనంతో పాటు ఎండిపోయిన చెమట కూడా ఉంటుంది. అది ఎక్కువగా పొటాషియం లవణాలు. నీటిలో ఇట్టే కరుగుతుంది. మైనం వేరు, చెమట వేరు అని మనసులో పెట్టుకుంటే ఉన్ని కడిగే పద్ధతి సగం అర్థమైనట్టే.

మన సెబమ్, గొర్రె మైనం కాక వెంట్రుక మీద మూడో కొవ్వు కూడా ఉంది. దాన్ని గ్రంథి తయారుచేయదు. వెంట్రుక పైపొలుసుల మీద 18-మిథైల్ ఐకోసనోయిక్ ఆమ్లం అనే కొవ్వు పలుచని పొరగా, రసాయన బంధంతో అతుక్కుని పుడుతుంది. మన జుట్టులోనూ ఉన్నిలోనూ ఉండేది ఇదే పదార్థం. తడి వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి జారడానికి, నీటిని కొంత విసిరికొట్టడానికి ఇదే ఆధారం. మామూలు షాంపూకు ఇది పోదు. బ్లీచింగ్‌కు, ఘాటైన క్షారానికి, ఏళ్ల తరబడి ఎండకు పోతుంది. పోయిన చోట మళ్లీ పుట్టదు. కొత్తగా పెరిగే వెంట్రుకకు మాత్రమే కొత్త పొర వస్తుంది. కడిగేటప్పుడు జిడ్డు పోతే రేపు మళ్లీ వస్తుంది, ఈ పొర పోతే రాదు. అందుకే తలకైనా ఉన్నికైనా బ్లీచు, చాకిరేవు సోడా వంటివి వద్దని గట్టిగా చెబుతాను.

తల, మొదటి అడుగు: మీ మాడును మూడు రోజులు గమనించండి

షాంపూ సీసా మీద రాసిన మాటల కన్నా ఒక చిన్న పరీక్ష మేలు. తలస్నానం చేసిన మరునాడు పొద్దున ఒక పలుచని టిష్యూ కాగితాన్ని నడినెత్తిన పాపిడి మీద ఐదు సెకన్లు అదిమి తీయండి. ఇంకొకటి చెవి వెనక అదమండి. వెలుతురుకు ఎత్తి చూస్తే జిడ్డు పడిన చోట కాగితం పారదర్శకంగా కనిపిస్తుంది. రెండో రోజు, మూడో రోజు కూడా ఇలాగే చేసి, కాగితాల మీద తేదీ వేసి పక్కపక్కన పెట్టుకోండి. మొదటి రోజుకే మరక పడితే మీది జిడ్డు మాడు. మూడో రోజుకు కూడా మరక లీలగానే ఉంటే పొడి మాడు.

కొనలను విడిగా చూడండి. మాడు జిడ్డుగా, కొనలు పొడిగా ఉండటం చాలామందికి ఉన్నదే. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 30 సెంటీమీటర్ల జడ కొన పుట్టి రెండున్నరేళ్లు అయింది. అన్నేళ్ల ఎండ, దువ్వెన, తువ్వాలు దాని మీద పనిచేశాయి. కుదురు నుంచి బయలుదేరిన సెబమ్ అంత దూరం చేరడం కష్టం. జుట్టు సాఫీగా ఉంటే కొంత జారుతుంది. రింగులు తిరిగి ఉంటే ప్రతి మలుపు దగ్గరా ఆగిపోతుంది. ఉంగరాల జుట్టు వారి మాడు తక్కువ సెబమ్ చేస్తుందని అనుకోకండి. చేసినది కొనకు చేరదు, అంతే.

రెండో అడుగు: ఎన్ని రోజులకొకసారి కడగాలో తేల్చుకోండి

ఎక్కువసార్లు కడిగితే మాడు పట్టుదలగా ఇంకా ఎక్కువ జిడ్డు చేస్తుందని, కొన్ని వారాలు కడగడం మానేస్తే తగ్గిస్తుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. సెబమ్ ఉత్పత్తిని నడిపేవి ముఖ్యంగా ఆండ్రోజెన్లు అనే పురుష హార్మోన్లు, ఇవి ఆడవారిలోనూ ఉంటాయి. యౌవనంలో అది పెరగడం, వయసు మీదపడ్డాక తగ్గడం అందువల్లే. మీరు ఎప్పుడు షాంపూ పెట్టారో గ్రంథికి తెలియదు. కడగడం మానేసిన వారికి జిడ్డు తగ్గినట్టు అనిపించడానికి కారణం సాధారణంగా అలవాటు పడటమే.

కాబట్టి టిష్యూ పరీక్షలో మరక స్పష్టంగా పడిన రోజే మీ తలస్నానం రోజు. కొందరికి అది రోజు విడిచి రోజు, కొందరికి వారానికొకసారి. వ్యాయామం చేసి చెమట పట్టిన రోజు జిడ్డు లేకపోతే ఉత్త నీళ్లతో కడిగినా సరిపోతుంది. చెమట లవణాలు నీటికే పోతాయి. ఉన్నిలో చెప్పిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

చుండ్రు ఉంటే మాత్రం లెక్క వేరు. మాడు మీద మలసేజియా అనే ఈస్టు అందరికీ ఉంటుంది. అది కొవ్వు లేకుండా బతకలేదు. సెబమ్‌లోని ట్రైగ్లిజరైడ్లను విరగ్గొట్టి కొన్ని కొవ్వు ఆమ్లాలను తినేసి, ఓలియిక్ ఆమ్లం వంటి వాటిని వదిలేస్తుంది. ఆ మిగిలినవే కొందరి మాడును మండించి పొలుసులు రాలేలా చేస్తాయి. చుండ్రు ఉన్నవారు మాడుకు నూనె పట్టించి రోజుల తరబడి ఉంచితే ఆ ఈస్టుకు మేత వేసినట్టే. కీటోకోనజోల్ లేదా జింక్ పైరిథియోన్ ఉన్న షాంపూను మాడు మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగండి. నెల రోజులకూ తగ్గకపోయినా, ఎర్రబడి రసి కారినా, జుట్టు గుండ్రంగా ఊడినా చర్మవైద్యులకు చూపించండి.

మూడో అడుగు: మాడును కడగండి, కొనలను కాదు

తడపకముందే చిక్కు తీయండి. తడిసిన వెంట్రుక సాగుతుంది, పొడిగా ఉన్నప్పటికన్నా తేలిగ్గా తెగుతుంది. తరువాత గోరువెచ్చని నీళ్లతో ఒక నిమిషమైనా పూర్తిగా తడవనివ్వండి. వేడినీళ్ల అవసరం ఇక్కడ లేదు. సెబమ్ ఒంటి వేడికే ద్రవంగా ఉంటుంది. మైనాన్ని కరిగించేంత వేడి తలకు అక్కర్లేని శిక్ష.

షాంపూను నేరుగా నెత్తి మీద గుమ్మరించకండి. చిన్న గిన్నెలో రెండింతలో మూడింతలో నీళ్లు కలిపి పలుచన చేయండి. షాంపూ అణువుకు ఒక కొస నూనెను, ఇంకో కొస నీటిని ఇష్టపడుతుంది. అవి గుంపుగా చేరి నూనె బొట్టు చుట్టూ గుండ్రంగా మూగి, దాన్ని నీటిలోకి లాక్కుపోతాయి. ఈ పనికి షాంపూ అంతటా పరుచుకోవాలి గాని చిక్కగా ఉండాల్సిన పని లేదు. పలుచన చేసినది మాడంతటికీ సమంగా అందుతుంది. కలిపినది నిల్వ ఉంచకుండా అప్పటికప్పుడే వాడేయండి.

వేళ్ల మెత్తని భాగంతో, గోళ్లు తగలకుండా, నుదుటి దగ్గర మొదలుపెట్టి మెడ దాకా చిన్న చిన్న వలయాలుగా రుద్దండి. జుట్టును నెత్తి మీద కుప్పవేసి గుడ్డ ఉతికినట్టు రుద్దడం పూర్తిగా మానేయాలి. కొనలకు నురుగు జారి తగిలితే చాలు. కండిషనర్ పెట్టేటట్టయితే ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా, చెవుల కింది నుంచి కొనల దాకా మాత్రమే పట్టించండి. అందులోని ధనావేశ పదార్థాలు పైపొర పోయిన, రుణావేశం ఉన్న చోట్లకు వెతుక్కుంటూ పోయి అతుక్కుంటాయి. మాడుకు అక్కర్లేదు, అక్కడ కావలసినంత జిడ్డు దానికదే వస్తుంది.

స్నానపు సబ్బుతో తల రుద్దుకోవడం మంచిది కాదు. సబ్బు క్షారం. వెంట్రుక పొలుసులు దానికి పైకి లేస్తాయి. గరుకు నీళ్లలో అయితే కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టుగా మారి జుట్టుకే పట్టుకుంటుంది.

నాలుగో అడుగు: ఉన్న జిడ్డును కొన దాకా నడిపించండి

సాఫీ జుట్టు, కొద్దిపాటి ఉంగరాల జుట్టు ఉన్నవారికి ఇది ఎంతో ఉపయోగం. పంది వెంట్రుకల బ్రష్షు గానీ, అలాంటి మెత్తని దట్టమైన బ్రష్షు గానీ తీసుకోండి. చిక్కు తీసిన పొడి జుట్టును పాయలుగా విడదీసి, మాడు నుంచి మొదలుపెట్టి కొన దాకా ఒకే లాగులో దువ్వండి. ఒక్కో పాయకు ఐదారు సార్లు చాలు. వందసార్లు దువ్వమనే పాత సలహా వెంట్రుకలను అరగదీస్తుంది. బిగువైన రింగుల జుట్టు వారు పొడి మీద బ్రష్షు వాడవద్దు. వారికి బయటి నూనె రెండు చుక్కలు కొనలకు రాయడమే సరైన దారి.

బయటి నూనె అంటే ఏది అన్న ప్రశ్నకు కొబ్బరినూనె దగ్గర గట్టి సమాధానం ఉంది. 2003లో ప్రచురితమైన, రెలె, మోహిలే అనే పరిశోధకుల ప్రయోగాల్లో కొబ్బరినూనె జుట్టులోంచి ప్రొటీన్ నష్టాన్ని తగ్గించింది. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదు. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లపు గొలుసు చిన్నది, తిన్ననిది. కాబట్టి అది వెంట్రుక లోపలికి దిగగలుగుతుందని వారు వివరించారు. తలస్నానానికి కొన్ని గంటల ముందు మాడును వదిలేసి జుట్టు పొడవునా పలుచగా రాయండి. నీటికి వెంట్రుక ఉబ్బడం తగ్గుతుంది.

ఉన్ని, మొదటి అడుగు: కడగకముందే సగం పని

గొర్రె ఒంటి నుంచి ఒకే తునకగా వచ్చిన ఉన్నిని నేల మీద పాత దుప్పటి పరిచి విప్పండి. అంచుల వెంట పేడ అంటిన ఉండలు, పొట్ట కింది మురికి ఉన్ని, రెండోసారి కత్తెర పడి తునిగిన పొట్టి ముక్కలు ఏరి పక్కన పెట్టండి. వీటిని కడిగి బాగుచేద్దామన్న ఆశ వద్దు. అవి నీళ్లను పాడుచేసి మంచి ఉన్నిని కూడా మురికి చేస్తాయి.

చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. పని ఆరుబయట చేయండి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల్లో కార్మికులు ఆంత్రాక్స్ అనే బాక్టీరియా జబ్బుతో చనిపోయారు. ఉన్ని దుమ్ములో ఉండే ఆ బాక్టీరియా సిద్ధబీజాలను పీల్చడమే కారణం. ఆరోగ్యమైన మందల ఉన్నితో ఆ భయం బాగా తక్కువ. అయినా ఎక్కడి గొర్రెలో, ఏ పురుగుమందు వాడారో అడిగి తీసుకోవడం మంచిది.

తరువాత తూకం వేసి రాసుకోండి. ముతక ఉన్నిలో జిడ్డు మొత్తం బరువులో పదో వంతు కన్నా తక్కువే ఉండవచ్చు. మెరినో జాతి గొర్రెల వంటి సన్నని ఉన్నిలో నాలుగో వంతు దాకా ఉంటుంది. మట్టి, చెమట కూడా పోయాక సన్నని ఉన్ని బరువు సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. ముందూ వెనకా తూకం ఉంటే కడగడం ఎంతవరకు వచ్చిందో అంకెల్లో తెలుస్తుంది.

రెండో అడుగు: చల్లని నానుడు

వల సంచిలో ఉన్నిని వదులుగా నింపి, చల్లని నీళ్లున్న తొట్టిలో మెల్లగా అదిమి రాత్రంతా వదిలేయండి. సబ్బు ఏమీ వద్దు. తెల్లారేసరికి నీళ్లు చిక్కటి కషాయంలా గోధుమరంగులోకి తిరుగుతాయి. ఇది చెమట, మట్టి. మైనం ఇంకా ఉన్నిలోనే ఉంది. వాన నీళ్లు దొరికితే ఇంకా మంచిది.

ఈ గోధుమరంగు నీళ్లను పారబోయకుండా అందులోనే వరుసగా ఉన్ని నానబెట్టేవారు కూడా ఉన్నారు. చెమటలోని పొటాషియం, జిడ్డులోని స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలతో కలిసి ఒక రకమైన సహజ సబ్బుగా మారుతుంది. వారం పది రోజులు పులిసిన ఆ నీళ్లు మురికిని బాగా వదిలిస్తాయి, మైనాన్ని కొంత మిగులుస్తాయి. వాసన మాత్రం భరించలేనిది. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట దీనికి పూనుకోకండి.

మూడో అడుగు: వేడి స్నానం

అసలు పని ఇక్కడుంది, కాబట్టి తొందరపడకండి. మైనం 40 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కానీ నీళ్లు 40 దగ్గర ఉంటే చాలదు. తొట్టిలో ఉన్ని వేసిన క్షణం నుంచి వేడి తగ్గుతుంది కనుక 60 నుంచి 65 డిగ్రీల దగ్గర మొదలుపెట్టాలి. చేతి అంచనా వద్దు, థర్మామీటర్ వాడండి. ఆ వేడికి చెయ్యి కాలుతుంది, పొడవాటి మందపాటి తొడుగులు, కర్ర ఉండాలి.

అర కిలో ఉన్నికి 15 నుంచి 20 లీటర్ల నీళ్లు తీసుకోండి. ఎంజైములు, బ్లీచు లేని ద్రవ డిటర్జెంటును, తొడుగు వేసిన వేళ్ల మధ్య నీళ్లు జారుతున్నట్టు తోచేదాకా కలపండి. నీళ్లలో ముందు డిటర్జెంటు కలిపి, ఆ తరువాతే ఉన్ని దించాలి. బట్టల పొడులు ఎందుకు వద్దంటే, వాటిలో చాలావాటికి ప్రొటీన్ మరకలను తినే ఎంజైములు ఉంటాయి. ఉన్ని మొత్తం ప్రొటీనే. క్లోరిన్ బ్లీచు అయితే ఉన్నిని కరిగించేస్తుంది.

ఉన్ని సంచిని నీళ్ల మీద పెట్టి, కర్రతో మెల్లగా అదమండి. నీళ్లు తాగి దానంతటదే మునుగుతుంది. ఇక ముట్టుకోకండి. కలపవద్దు, పిండవద్దు, మీద నీళ్ల ధార పడనివ్వవద్దు. వెంట్రుక పొలుసులన్నీ కొనవైపు వాలి ఉంటాయి. వేడి, సబ్బు, కదలిక మూడూ కలిస్తే వెంట్రుకలు మొదలువైపు మాత్రమే జరుగుతూ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ముద్దకడతాయి. ఆ ముద్ద మళ్లీ విడిపోదు. వేడిని, సబ్బును మానలేం కనుక కదలికనే మానాలి.

పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. అంతకు మించి వద్దు. నా మొదటి ఉన్నిని ఎంత సేపు నానితే అంత మంచిదని గంటన్నర వదిలేశాను. తీసేసరికి నీళ్లు చల్లారాయి. కరిగి నీళ్లలో తేలిన మైనం మళ్లీ ఉన్ని మీదే గడ్డకట్టింది. ఎండాక చూస్తే ప్రతి పాయా జిగురు పూసినట్టు వేళ్లకు అంటుకుంది. ఏకబోతే దువ్వెన పళ్ల మధ్య పసుపు పిడచలు కట్టాయి. దాన్ని మళ్లీ కడిగి బాగుచేయడానికి మూడు వేడి స్నానాలు పట్టాయి. అప్పటి నుంచి తొట్టి మీద మూత, పక్కన గడియారం లేకుండా పని మొదలుపెట్టను. నీళ్లు 50 డిగ్రీలకు దిగకముందే సంచిని పైకి లేపి, నీళ్లు వాటంతటవి కారిపోనిచ్చి, అప్పటికే సిద్ధంగా ఉంచుకున్న రెండో వేడి తొట్టిలోకి మార్చండి. అందులో డిటర్జెంటు సగం చాలు. తరువాత జాడింపు నీళ్లు రెండుసార్లు, అవీ దాదాపు అదే వేడిలో ఉండాలి. వేడి తొట్టి నుంచి చల్లని నీళ్లలోకి ఒక్కసారిగా మారిస్తే మిగిలిన మైనం అక్కడే బిగుసుకుంటుంది.

ఎంత మైనం మిగల్చాలన్నది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. రంగు వేయాలనుకుంటే పూర్తిగా తీసేయాలి, లేకపోతే రంగు మచ్చలుగా పడుతుంది. వాన తగిలే టోపీకో, చేతి తొడుగులకో అయితే ఒకే వేడి స్నానంతో ఆపి కొంత మైనం ఉంచుకోవచ్చు. అలాంటి ఉన్నిని నెలల తరబడి నిల్వ ఉంచకుండా వడికేయండి. పాతబడిన మైనం గట్టిపడి తరువాత ఒక పట్టాన వదలదు.

నాలుగో అడుగు: ఆరబెట్టి, పరీక్షించండి

సంచిని తువ్వాలులో చుట్టి అదిమి, ఉన్నిని జాలీ మీద పలుచగా పరచి నీడలో ఆరనివ్వండి. ఆరాక ఒక పాయను వేళ్ల మధ్య లాగండి. పొడిగా, మృదువుగా విడిపోతే సరిగ్గా కుదిరింది. వేలికి అంటుకుంటే మైనం మిగిలింది, ఇంకో వేడి స్నానం కావాలి. గడ్డిలా పెళుసుగా, కీచుమని చప్పుడు చేస్తుంటే డిటర్జెంటు ఎక్కువైంది. కొనలు ఇంకా కాస్త పసుపుగా ఉంటే కంగారుపడకండి. కొన్ని ఉన్నుల రంగే అంత.

పక్కన పెట్టిన ముక్కల నుంచి మైనం తీయడం

ఉన్ని మైనం ప్రాచీనులకూ తెలుసు. క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయోస్కొరిడీస్ దాన్ని తీసే పద్ధతి రాసిపెట్టాడు. దాన్ని శుద్ధి చేసి లానోలిన్ పేరుతో 1882లో పేటెంటు తీసుకున్నవారు జర్మనీకి చెందిన బ్రౌన్, లీబ్రైఖ్. నేటి మిల్లుల్లో కడిగిన నీళ్లను సెంట్రిఫ్యూజుల్లో తిప్పి మైనాన్ని వేరుచేస్తారు. మందులషాపుల్లో దొరికే విటమిన్ డి3లో చాలా భాగం ఈ మైనపు కొలెస్టరాల్ నుంచే తయారవుతుంది.

ఇంట్లో చేయాలంటే తునిగిన పొట్టి ముక్కల్లో పేడ లేనివి ఏరుకోండి. వాటిని చల్లని నీళ్లలో నానబెట్టి చెమట, మట్టి వదిలించాక, పాత పెద్ద గిన్నెలో మునిగేటన్ని నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి, సన్నని సెగ మీద రెండు మూడు గంటలు ఉంచండి. డిటర్జెంటు వేయవద్దు. వేస్తే మైనం నీళ్లలో కలిసిపోయి పైకి తేలదు. ఆ తరువాత గుడ్డతో వడకట్టి, ఒక రాత్రి చల్లని చోట కదపకుండా ఉంచండి. పైన పలుచని పసుపు తెట్టు గట్టిపడుతుంది. దాన్ని చెంచాతో ఎత్తి, శుభ్రమైన వేడినీళ్లలో కరిగించి మళ్లీ చల్లార్చండి. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే మట్టి అడుగుకు దిగుతుంది. వచ్చేది కొంచెమే. గొర్రె వాసన పూర్తిగా పోదు.

ఈ ముడి మైనాన్ని తోలు చెప్పులకు, కత్తెర ఇనుముకు, ఉన్ని దుస్తులకు వాడుకోండి. పెదాలకు, పగిలిన చర్మానికి, పాలిచ్చే తల్లుల చనుమొనలకు మాత్రం వాడవద్దు. అందులో పురుగుమందుల అవశేషాలు ఉండవచ్చు. వాటికి వైద్య అవసరాల కోసం బాగా శుద్ధి చేసిన లానోలిన్ వేరే ఉంటుంది. కొందరికి అదీ అలర్జీ తెస్తుంది, మోచేతి లోపల రాసి ఒకటి రెండు రోజులు చూడాలి. తన బరువుకు రెట్టింపు నీటిని పట్టుకోగలగడం దీని గొప్పతనం.

దీన్ని తలకు రాసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. మాడుకు వద్దు. కరగాలంటే 40 డిగ్రీలు కావాలి, తల కడిగేది గోరువెచ్చని నీళ్లతో. ఒకసారి పట్టిందంటే రెండు మూడు తలస్నానాలకు గాని వదలదు. బాగా ఎండిన కొనలకు బియ్యపు గింజంత అరచేతుల్లో కరిగించి రాస్తే చాలు.

స్వెటర్‌కు మైనం తిరిగి పట్టించడం, కాలర్ శుభ్రం చేయడం

చాలాసార్లు ఉతికిన ఉన్ని స్వెటర్ మీద నీటి బొట్టు వేయండి. నిలబడకుండా వెంటనే ఇంకిపోతే మైనం పోయినట్టు. ఒక చెంచా శుద్ధమైన లానోలిన్‌ను కప్పు మరిగే నీళ్లలో వేసి, రెండు చుక్కల షాంపూ కలిపి, పాలలా తెల్లబడే దాకా తిప్పండి. మైనపు కళ్లు తేలుతుంటే ఇంకో చుక్క షాంపూ వేయండి. ఈ పాలను స్వెటర్ మునిగేటన్ని గోరువెచ్చని నీళ్లలో పోసి కలిపి, ముందే తడిపిన స్వెటర్‌ను తిరగేసి అందులో మూడు నాలుగు గంటలు ఉంచండి. జాడించకుండా తువ్వాలులో అదిమి, బల్ల మీద పరచి ఆరబెట్టండి. తొలిసారికి ఒక చెంచా చాలు. ఎక్కువైతే బంకగా తయారవుతుంది.

ఆ స్వెటర్ కాలర్ మీద మెడ తగిలే చోట ముదురు చార ఒకటి ఏర్పడుతుంది. అది గొర్రెది కాదు, మనది. మెడ మీది సెబమ్ దుమ్ముతో కలిసి ఉన్నికి పట్టింది. స్వెటర్ మొత్తాన్ని వేడినీళ్లలో వేస్తే ఉన్ని మైనం పోతుంది, స్వెటర్ ముద్దకడుతుంది. ఆ చారకు అంత అవసరం లేదు. గోరువెచ్చని నీళ్లలో పలుచన చేసిన షాంపూను ఆ చార మీద మాత్రమే వేలితో అద్ది, పది నిమిషాలు ఉంచండి. తరువాత లోపలి వైపు నుంచి తడి గుడ్డతో ఒత్తి, బయట పొడి గుడ్డతో పీల్చండి. రుద్దవద్దు. మన నూనె గుడ్డకు ఎక్కుతుంది, గొర్రె మైనం చాలావరకు ఉన్నిలోనే ఉంటుంది. చార ఇంకా కనిపిస్తే అదే పని మరోసారి చేసి, నీడలో ఆరబెట్టండి.